ఏ పని ముందు? – దినచర్యలో కార్యక్రమ నిర్ణయం

నా వైద్యశాలకు వచ్చేవారిలో చాలామంది చివరకు ఒకే మాట అంటారు. "మీరు చెప్పినవన్నీ మంచివే డాక్టరుగారూ, చేయడానికి తీరిక ఏది?" ఉదయం నడక, వేళకు భోజనం, వారానికొకసారి తలంటు, రాత్రి పెందలాడే నిద్ర – ఇవి ఎవరికీ తెలియనివి కావు. తెలిసి కూడా చేయలేకపోవడమే అసలు బాధ. ఈ మాట ఏళ్ల తరబడి విన్న మీదట, తీరిక లేకపోవడానికి కూడా ఏదో ఒక చికిత్స ఉండాలి గదా అని ఆలోచించాను. ఆ చికిత్స మన దినచర్యలోనే ఉన్నది. అయితే దాని విలువ నాకు పూర్తిగా బోధపడినది ఒక రోగి వలన, నా పొరపాటు వలన. ఆ సంగతి దాచకుండా పాఠకుల ముందుంచుతున్నాను.

మాడిపోయిన తైలం

నా పదునాలుగవ ఏట మా నాయనగారు నన్ను కృష్ణా తీరంలోని ఒక గ్రామంలో గురువుగారి ఇంట విడిచి వెళ్లారు. శ్లోకాలతోపాటు అక్కడ నేర్చినది పొయ్యి దగ్గర ఓపికగా కూర్చోవడం. ఒకనాడు గురువుగారు పొరుగూరు వెళుతూ నాకు నాలుగు పనులు అప్పగించారు. పొయ్యి మీద ఉన్న నారాయణ తైలం పాకం చూడాలి. తిప్పతీగ దంచి ఉంచాలి. ఆవుకు కుడితి పెట్టాలి. రోగులు వస్తే అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లివ్వాలి.

తైలపాకం తెలిసినవారికి ఈ సంగతి తెలుసు. కల్కం, కషాయం, నూనె కలిపి సన్నని సెగ మీద కాచుతారు. నీరు ఇగిరేదాకా తొందర ఉండదు. చివరి దశలో నురుగు పొంగుతుంది. అప్పుడు కల్కాన్ని వేళ్ల మధ్య నలిపితే వత్తిలాగ సాగాలి. నిప్పు మీద వేస్తే చిటపటలాడకూడదు. ఆ అదను దాటితే ఖరపాకం, ఇంకా దాటితే మాడిన నూనె.

సరిగ్గా ఆ అదనులోనే ఆవు అరిచినది. అరుగు మీది రోగి పిలిచాడు. లోపలినుండి గురుపత్ని కేకవేశారు. నేను మూడు వైపులా పరుగెత్తి మూడు పనులూ చేసివచ్చేసరికి ఇల్లంతా మాడువాసన. సాయంత్రం గురువుగారు వచ్చి, బాణలి చూసి, కోపగించుకోలేదు. "ఆవు అరిచినది, రోగి పిలిచాడు, అమ్మ కేకవేసినది. తైలానికి నోరు లేదు గనుక దానిని వదిలేశావు. నోరు లేనిదానిని ముందు చూసుకోవాలిరా నాయనా" అన్నారు.

ఆ రోజు మొదలు పడుకొనేముందు మరునాటి పనులన్నీ ఆయనకు అప్పజెప్పాలి. ఏది ముందు, ఏది వెనుక, ఏది మరొకరికి అప్పగించాలి అని ఆయన సరిచేసేవారు. ఆ అలవాటు గురుకులం విడిచిన కొన్నేళ్లకు నాకు తప్పిపోయినది.

నలభైరెండవ పని

2019 శ్రావణమాసంలో ఒక ఉపాధ్యాయురాలు నా వద్దకు వచ్చారు. వయస్సు 46 సంవత్సరాలు. ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతారు. ఇంట్లో అత్తగారు, భర్త, ఇద్దరు పిల్లలు. గుండెల్లో మంట, పుల్లని త్రేనుపులు, రాత్రి రెండు గంటల దాకా నిద్ర పట్టకపోవడం ఆమె బాధలు. అంతకుముందు జ్యేష్ఠమాసంలో ఒకసారి వచ్చి ఆమ్లపిత్తానికి అవిపత్తికర చూర్ణం తీసుకొని వెళ్లారు. మంట కొంత తగ్గినది గాని నిద్ర రాలేదు.

"పడుకోగానే ఏమవుతుందమ్మా?" అని అడిగాను.

"చేయవలసిన పనులన్నీ వరుసగా గుర్తుకు వస్తాయండీ. ఏదో మరచిపోతానేమోనని భయం."

ఆ రోజు బయట రోగులు తక్కువగా ఉన్నారు. నాకు గురువుగారి ఇంటి అలవాటు జ్ఞప్తికి వచ్చినది. ఒక నోటుపుస్తకం, కలం ఇచ్చి, "వరండాలో కూర్చుని మీ మనస్సులో ఉన్న పనులన్నీ రాయండి. చిన్నా పెద్దా చూడవద్దు, వరుస కూడా అక్కరలేదు" అన్నాను. నలభై నిమిషాలకు పుస్తకం తెచ్చి ఇచ్చారు. మొత్తం 63 పనులు ఉన్నవి.

లెక్కవేసి చూశాను. ఇంటివి, అత్తగారివి 27. పిల్లలవి 20. బడివి 14. ఆమె సొంతానికి సంబంధించినవి రెండే రెండు. వాటిలో ఒకటి కళ్లద్దాలు మార్పించుకోవడం. రెండవది 42వ అంకె వద్ద ఉన్నది. 41వ పని "గ్యాస్ బండ బుక్ చేయాలి". 43వ పని "చిన్నవాడి యూనిఫాం కుట్టించాలి". ఆ రెండింటి నడుమ "గడ్డ చూపించుకోవాలి" అని రాసి ఉన్నది.

"ఇదేమిటమ్మా?" అన్నాను. ఆమె తలవంచుకున్నారు. సంక్రాంతి నాడు స్నానం చేస్తుండగా ఎడమ రొమ్ములో చేతికి తగిలినదట. నొప్పి లేదట. ఎవరో చెబితే కొన్నాళ్లు పసుపు పట్టు వేశారట. "పరీక్షలయ్యాక చూపిద్దామనుకున్నాను. తరువాత అత్తయ్యగారి కంటి ఆపరేషను వచ్చింది. ఆ తరువాత బడులు తెరిచారు. నొప్పి లేదు కదా అని..." ఒక క్షణం ఆగి, "కిందటిసారే మీకు చెబుదామనుకున్నానండీ" అన్నారు.

నాకు వెంటనే గుర్తుకు వచ్చినది. జ్యేష్ఠంలో వచ్చినప్పుడు ఆమె తలుపు దగ్గర ఆగి, "ఇంకొక సంగతి..." అన్నారు. వరండాలో పదిమంది ఎదురుచూస్తున్నారు. నేను "వచ్చేసారి చెప్పండమ్మా" అని తరువాతివారిని పిలిచాను. అప్పటినుండి రెండు నెలలు గడిచినవి. నోరు లేనిదానిని నేను రెండవసారి వదిలేశాను. ఈసారి మాడినది నూనె అయి ఉండేది కాదు.

"వరలక్ష్మీ వ్రతం కాగానే వెళతానండీ" అన్నారామె. వ్రతానికి ముందే వెళ్లాలని చెప్పి, ఆమె ఎదుటనే వారి భర్తగారికి ఫోను చేశాను. మరునాడు గుంటూరులో శస్త్రవైద్యులకు చూపించారు. పరీక్షలలో అది క్యాన్సరేనని తేలినది. చంకలోని గ్రంథులకు పాకలేదన్నారు. శస్త్రచికిత్స, ఆ తరువాతి చికిత్సలు పూర్తిచేసుకొని, ఆమె ఇప్పటికీ పిల్లలకు లెక్కలు చెబుతున్నారు. ఏటా తప్పక పరీక్షకు వెళుతున్నారు. ఇందులో నేను చేసిన వైద్యం ఏమీ లేదు. ఒక పుస్తకం, ఒక కలం ఇచ్చాను. అది కూడా రెండు నెలలు ఆలస్యంగా.

శాస్త్రం చెప్పిన వరుస

చరకసంహిత సూత్రస్థానంలో పదకొండవ అధ్యాయానికి తిస్రైషణీయమని పేరు. మనిషి కోరదగినవి మూడని అందులో చెప్పబడినది. మొదటిది ప్రాణైషణ, అనగా ఆయువును కాపాడుకోవడం. రెండవది ధనైషణ, అనగా జీవికకు సాధనం సంపాదించుకోవడం. మూడవది పరలోకైషణ, అనగా ధర్మాచరణ. ఈ వరుసకు కారణం కూడా చరకుడు చెప్పాడు. ప్రాణం పోతే తక్కినవన్నీ పోతాయి గనుక అది మొదటిది. బ్రతికి ఉండి బ్రతుకుతెరువు లేకపోవడం దుర్భరం గనుక ధనం రెండవది. ధనార్జనకు కృషి, పశుపాలనం, వాణిజ్యం, రాజసేవ వంటి మార్గాలను కూడా పేర్కొన్నాడు. కావున ఆయన లోకవ్యవహారం తెలియక ఈ వరుస చెప్పలేదు.

మన ఇళ్లలో ఈ వరుస తలక్రిందులవుతున్నది. ఇల్లు నడిపే తల్లి తన శరీరాన్ని అందరి పనుల తరువాత పెట్టుకుంటుంది. ఇంటి యజమాని రక్తపోటు మాత్రలు అయిపోయి వారమైనా కరెంటు బిల్లు మాత్రం గడువులో కడతాడు. బిల్లుకు గడువు తేదీ ఉన్నది, శరీరానికి లేదు. గడువు ఉన్నదే ముఖ్యమనే భ్రమ మనకు కలుగుతున్నది.

చరకుడు చెప్పిన మరొక మాట ప్రజ్ఞాపరాధం. ధీ, ధృతి, స్మృతి అనే మూడూ చెడినప్పుడు మనిషి తనకు హాని కలిగించే పని చేస్తాడని దాని భావం. ధీ అంటే ఏది మేలో తెలియడం. ధృతి అంటే మనస్సును అదుపులో నిలపడం. స్మృతి అంటే వేళకు గుర్తుకు రావడం. ఆ ఉపాధ్యాయురాలికి గడ్డ ప్రమాదమని తెలియకపోలేదు. కాని ఒక్క స్మృతి మీద 63 పనుల బరువు మోపితే అది ఏ పనికి ఎంత విలువ ఇవ్వగలదు? అన్నిటినీ ఒకే గొంతుతో రాత్రంతా పలుకుతుంది. పనులను కాగితం మీద పెట్టడం స్మృతికి విశ్రాంతి, వరుస నిర్ణయించడం ధీకి పని, నిర్ణయించినట్లు చేయడం ధృతికి అభ్యాసం.

ఆధునికులు కూడా ఈ దారినే వచ్చారు. అమెరికాకు చెందిన డేవిడ్ అలెన్ 2001లో ప్రచురించిన గ్రంథంలో, పనులను తలలో మోయక బయట రాసిపెట్టుకోవాలని, ప్రతి పనికి వెనువెంటనే వేయవలసిన అడుగు ఏమిటో నిర్ణయించుకోవాలని బోధించాడు. 2018లో అదే దేశంలోని బేలర్ విశ్వవిద్యాలయం వారు 57 మంది యువతీయువకులపై ఒక పరిశీలన ప్రకటించారు. పడుకొనేముందు అయిదు నిమిషాలు కొందరు చేయవలసిన పనులు రాశారు, కొందరు చేసివేసిన పనులు రాశారు. చేయవలసినవి రాసినవారికి సగటున సుమారు 9 నిమిషాలు ముందుగా నిద్రపట్టినది. చిన్న పరిశీలనే అయినా మా గురువుగారి అలవాటుకు దగ్గరగా ఉన్నది.

నోటుపుస్తక విధానం

నేను ఇప్పుడు రోగులకు చెబుతున్న పద్ధతి ఇది. దీనికి రెండువందల పేజీల నోటుపుస్తకం ఒకటి చాలు.

1. రాత్రి భోజనమైన తరువాత, పడుకోవడానికి అరగంట ముందు, మనస్సులో ఉన్న పనులన్నీ రాయాలి. మొదటి రోజు చాలా ఉంటాయి. తరువాత రోజుకు అయిదారు మాత్రమే కొత్తవి చేరతాయి.

2. ప్రతి పని పక్కన ఒక అక్షరం వేయాలి. శరీరానికి సంబంధించినది 'ప్రా', జీవికకు, డబ్బుకు సంబంధించినది 'ధ', ఇతరులకు చేయవలసినది, వ్రతం, దానం, బంధుకార్యం 'ధర్మ'. ఇంట్లో ఇతరుల ఆరోగ్యం కూడా 'ప్రా' కిందికే వస్తుంది. అయితే మీ సొంత 'ప్రా'ను విడిగా గుండ్రం చుట్టండి. గుండ్రాలు లేకుండా పేజీ నిండితే అదే మొదటి రోగలక్షణం.

3. మరునాటికి మూడు ముఖ్యమైన పనులే ఎంచుకోవాలి. అందులో ఒకటి తప్పక 'ప్రా' కావాలి. మిగిలినవి వీలును బట్టి చేసుకోవచ్చు, చేయలేకపోతే దోషం లేదు.

4. పనిని దాని తొలి అడుగుగా రాయాలి. "షుగరు సంగతి చూడాలి" అని రాస్తే అది నెలలు అలాగే ఉంటుంది. "గురువారం ఉదయం ఏడింటికి పరగడుపున ల్యాబుకు వెళ్లాలి" అని రాస్తే జరుగుతుంది.

5. మరొకరు చేయగల పని పక్కన వారి పేరు రాయాలి. గ్యాస్ బండ బుక్ చేయడం భర్తగారి పని కావచ్చు. యూనిఫాం దర్జీకి ఇచ్చి రావడం పెద్దపిల్ల చేయగలదు. పేరు రాసిన పనిని మళ్లీ మీరే చేయవద్దు.

6. పనికి తగిన కాలం ఎంచుకోవాలి. పగటిలో తొలిభాగం కఫానికి, నడిమిభాగం పిత్తానికి, చివరిభాగం వాతానికి ప్రధానమని వాగ్భటుడు చెప్పాడు. నడక, వ్యాయామం వంటి శరీరశ్రమకు ఉదయం మేలు. లెక్కలు, దరఖాస్తులు, బుద్ధికి సంబంధించిన పనులు భోజనానికి ముందే ముగించడం మంచిది. మధ్యాహ్నం అగ్ని దీప్తంగా ఉంటుంది గనుక ఆ వేళ భోజనం వాయిదా వేయకూడదు. సాయంకాలం కొత్త వివాదాలు, డబ్బు తగవులు పెట్టుకోవద్దని నా అనుభవం.

7. ఎంత పనిలో ఉన్నా సహజవేగాలను ఆపకూడదు. మలమూత్రాలు, ఆకలి, దప్పిక, నిద్ర మొదలైన 13 వేగాలను నిరోధించరాదని చరకుని శాసనం. బడిలో, ఆఫీసులో గంటల తరబడి మూత్రం ఆపుకొనే స్త్రీలు ఎందరో ఉన్నారు. ఈ పనికి జాబితాలో చోటు అడగనక్కరలేదు, అన్నిటికన్నా ముందు దానిదే చోటు.

రాసిన తరువాత పుస్తకం మూసి, అరికాళ్లకు గోరువెచ్చని నువ్వులనూనె అయిదు నిమిషాలు మర్దన చేసుకోవాలి. రోజూ ఒళ్లంతా అభ్యంగం కుదరనివారు తలకు, చెవులకు, పాదాలకైనా ప్రత్యేకించి నూనె వాడాలని అష్టాంగహృదయంలో ఉన్నది. నేల మీద జారకుండా పాదాలు తుడుచుకొని పడుకోవాలి.

ఉదయం లేవగానే పుస్తకం తెరవవద్దు. బ్రాహ్మీముహూర్తంలో, అనగా సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉండే సమయంలో, లేచినవాడు మొట్టమొదట శరీరచింత చేయాలని దినచర్యాధ్యాయం ఆరంభంలోనే చెప్పబడినది. రాత్రి తిన్నది జీర్ణమైనదా, ఒళ్లు తేలికగా ఉన్నదా, ఎక్కడైనా కొత్తగా బాధ, వాపు, గడ్డ కనిపిస్తున్నదా అని ఒక్క నిమిషం చూసుకోండి. అది ముగిసిన తరువాతే పుస్తకం, ఆ తరువాతే సెల్‌ఫోను.

మూడుసార్లు వాయిదా పడితే

ఏదైనా పని మూడుసార్లు మరునాటికి జరిగితే దానిని రోగంలాగ పరీక్షించాలి. రోగానికి హేతువు వెదికినట్లు వాయిదాకు హేతువు వెదకాలి. నాకు తెలిసినంతలో మూడు కారణాలు ముఖ్యం. ఒకటి, ఎలా చేయాలో తెలియకపోవడం. తెలిసినవారిని అడగడమే దానికి తొలి అడుగు. రెండు, డబ్బు లేకపోవడం. ఇంట్లో విప్పి చెప్పడం దానికి తొలి అడుగు. మూడు, భయం. ఏమి తేలుతుందోనన్న భయంతో మనం పనిని మరచిపోయినట్లు నటిస్తాము. ఆ ఉపాధ్యాయురాలు నాతో తరువాత అన్నారు, "తీరిక లేక కాదండీ, భయమేసే రాయలేదు. మీరు వరుస వద్దన్నారు గనుక మధ్యలో రాసేశాను" అని. భయం వలన ఆగిన పనిని ఒంటరిగా చేయవద్దు. ఇంట్లో ఒకరిని తోడు తీసుకొని వెళ్లండి.

ఇక్కడ స్త్రీలకు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. రొమ్ములో కొత్తగా తగిలిన గడ్డలన్నీ క్యాన్సరు కావు, చాలావరకు కావు కూడా. కాని ఏది అవునో, ఏది కాదో చేత్తో తడిమి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. నొప్పి లేకపోవడం భరోసా కాదు. చర్మం లోపలికి గుంటపడినా, చనుమొన నుండి రక్తం వంటి స్రావం వచ్చినా, చంకలో గడ్డ తగిలినా వెంటనే శస్త్రవైద్యులకు చూపించండి. పసుపు పట్టు, ఉల్లి పట్టు, చూర్ణాలు అంటూ రోజులు గడపవద్దు. ఇంటి వైద్యాలను నమ్మినవాడిగానే ఈ మాట చెబుతున్నాను.

కొన్ని సందేహాలు

"సెల్‌ఫోనులో రాసుకోకూడదా?" అని యువకులు అడుగుతారు. పగలు రాసుకోండి. రాత్రి మాత్రం కాగితమే మేలు. ఫోను తెరిస్తే ఇతరుల పనులు, ఇతరుల మాటలు మన జాబితాలోకి వస్తాయి.

"జాబితా చూస్తేనే గుండె దడ వస్తున్నది" అంటారు కొందరు. వారు మొత్తం జాబితాను చూస్తున్నారు. మరునాటి మూడు పనులు వేరే పేజీలో రాసి, మిగిలిన పేజీని మడవాలి. అయినా దడ, దిగులు, నిద్రలేమి కొన్ని వారాలు వదలకపోతే అది పుస్తకంతో పోయేది కాదు. వైద్యుని సలహా తప్పనిసరి.

"ఇన్ని నియమాలు ఒక్కసారిగా ఎలా?" అంటే అక్కరలేదు. చెడు అలవాటును పావు వంతు చొప్పున విడుస్తూ, ఆ మేరకు మంచి అలవాటును చేర్చుకోవాలని శాస్త్రం చెప్పిన పాదాంశిక క్రమం ఇక్కడ కూడా వర్తిస్తుంది. మొదటి వారం రాయడం మాత్రమే చేయండి. రెండవ వారం అక్షరాలు వేయండి. మూడవ వారం మూడు పనులు ఎంచుకోండి. నాలుగవ వారానికి మిగిలినవి వాటంతట అవే కుదురుతాయి.

దినచర్యాధ్యాయం చివరలో వాగ్భటుడు ఒక ఉపదేశం చేశాడు. తన పగళ్లూ రాత్రులూ ఎలా గడుస్తున్నవో నిత్యం విచారించుకొనేవానికి దుఃఖం దరిచేరదని దాని భావం. రాత్రిపూట పుస్తకంలో గీతలు కొట్టేటప్పుడు ఈ విచారణ కూడా చేసుకోవాలి. ఎన్ని పనులు అయినవని కాక, ఏది ముందు జరిగినది, ఏది వెనుకబడినది అని చూసుకోవాలి.

నా పుస్తకంలో కూడా ఆనాటినుండి ప్రతిరోజూ మొదట రాసే పని ఒకటున్నది. చూసిన ప్రతి రోగి లేచేముందు, వరండాలో ఎందరున్నా సరే, "ఇంకేమైనా చెప్పవలసినది మిగిలిందా?" అని అడగాలి. చాలామంది లేదంటారు. కొందరు మాత్రం మళ్లీ కూర్చుంటారు.

ఈ రాత్రి భోజనమైన తరువాత ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఇంట్లో అమ్మగారికి, అత్తగారికి, నాన్నగారికి కూడా ఒక్కొక్కటి ఇవ్వండి. రాసిన తరువాత ఒకరి పేజీ ఒకరు చూసి, 42వ అంకె దగ్గర ఏమున్నదో అడగండి.